అమ్మమ్మ రెప్ప వేసింది

బొమ్మల సినిమాలు తీసే ఆ కార్యాలయంలో మూడో అంతస్తు చివరి గదిలో, కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. బల్ల మధ్యలో గాజుపలక, దాని అడుగున దీపం. గాజు మీద కాగితాలు పెడితే అడుగున ఉన్న బొమ్మ గీతలు కూడా పైకి కనిపిస్తాయి. ఆ బల్ల ముందు ముప్పయ్యొక్క ఏళ్లుగా ఒకావిడే కూర్చుంటోంది. ఎదురుగా అందరూ మేడమ్ అంటారు, చాటుకు వెళ్లాక భూతద్దం అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలియక కాదు. పెట్టినవాడెవడో గాని పేరు సరిగ్గానే పెట్టాడని ఊరుకుంది.

ఆవిడ పని తప్పులు పట్టడం. ఆ సంస్థలో ఇప్పటికీ చేత్తోనే బొమ్మలు గీస్తారు. ఒక్క సెకను సినిమాకు పన్నెండు బొమ్మలు కావాలి. ఒక బొమ్మలో చొక్కాకు అయిదు గుండీలుండి తర్వాతి బొమ్మలో నాలుగే ఉంటే, తెర మీద ఆ గుండీ మిణుకుమిణుకుమంటుంది. జడ కుడి భుజం మీంచి ఎడమ భుజానికి గెంతుతుంది. అలాంటివి తెర దాకా పోకుండా ఆపాలి. ఎడమచేతి వేళ్ల సందుల్లో అయిదు కాగితాలు ఇరికించి, ముందుకూ వెనక్కూ టపటపా తిప్పుతూ చూస్తుంది. తప్పుంటే ఎర్ర చీటీ రాసి అంటించి వెనక్కి పంపుతుంది. లేకపోతే ఫైలు మీద గుండ్రటి ముద్ర వేస్తుంది. ముద్రలో ‘సరిచూడబడినది’ అని ఉంటుంది. ఆ ముద్రను ఎవరి చేతికీ ఇవ్వదు, సాయంత్రం చేతిసంచీలో వేసుకుని ఇంటికి పట్టుకుపోతుంది. “రేపట్నుంచి నా వంట మీద కూడా గుద్దు,” అని వాళ్లక్క ఎద్దేవా చేస్తూ ఉంటుంది.

నిజానికి ఆవిడ ఈ సంస్థలో చేరింది కాగితాలకు చిల్లులు పొడవడానికి. బొమ్మలు ఒకదాని మీద ఒకటి కదలకుండా నిలబడాలంటే ప్రతి కాగితం అడుగున మూడు చిల్లులుండాలి. రోజుకు రెండు వేల కాగితాలు పొడిచేది. చేరిన నాలుగో రోజున పొడిచిన దొంతర ఇవ్వడానికి పైకి వెళ్లి, అప్పట్లో అందరూ గడగడలాడే పెద్ద చిత్రకారుడి భుజం మీంచి చూసి, “సార్, మీ రాజుగారి ఎడమ చేతికి ఆరు వేళ్లున్నాయి, ఉండొచ్చా?” అని అడిగింది. గది గదంతా బిక్కచచ్చిపోయింది. పెద్దాయన లెక్కపెట్టుకున్నాడు. పదకొండు బొమ్మల నిండా రాజుగారు ఆరు వేళ్లతోనే ఏలుతున్నాడు. మరుసటి నెలకల్లా ఆ అమ్మాయికి కిటికీ పక్కన బల్ల వచ్చింది.

అప్పట్నుంచి ఆ ముద్ర పడిన బొమ్మలో తప్పు దొరికిందన్న మాట లేదు. ఇది ఆవిడ చెప్పుకునే గొప్ప కాదు, అందరూ ఒప్పుకునే విషయం. ఆవిడ కూడా చెప్పుకుంటుందనుకోండి, అది వేరే సంగతి.

రెండేళ్ల కిందట కొత్త మేనేజరు వచ్చాడు. మర్యాదస్తుడే గాని ప్రతిదానికీ కంప్యూటరు ఉందా అని అడిగే రకం. తప్పులు పట్టడానికి కూడా ఒక ప్రోగ్రామ్ తయారు చేయించాడు. దానికి చదువు చెప్పడానికి వాళ్లు వాడుకున్నది ఏమిటంటే, ముప్పయ్యేళ్లుగా ఆవిడ రాసిన ఎర్ర చీటీలు. రికార్డు గదిలోంచి డెబ్బై వేల చీటీలు మోసుకెళ్లి దానికి తినిపించారు. ఆ తర్వాత మేనేజరు ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి నసుగుతూ, “మేడమ్, ఇక ఈ బల్ల అవసరం ఉండకపోవచ్చు,” అన్నాడు.

“ఒక పని చేద్దాం సార్,” అంది ఆవిడ, చేతిలో కాగితాలు తిప్పడం ఆపకుండానే. “ఇప్పుడు తీస్తున్న సినిమా పూర్తయ్యేలోపు నా ముద్ర ఉన్న బొమ్మలో ఒక్క తప్పు చూపించండి. ఆ రోజే ముద్ర మీ చేతిలో పెట్టి వెళ్లిపోతాను. దొరక్కపోతే మాత్రం నేనున్నన్నాళ్లూ ఈ బల్ల జోలికి రాకూడదు.”

“ఒక్కటి దొరికినా అంతేనా?”

“ఒక్కటైనా పదైనా తప్పు తప్పే. రాసుకోండి.”

మేనేజరు నిజంగానే రాసుకున్నాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆవిడకు రవ్వంత బెంగ కూడా కలగలేదు. ఆ బల్ల లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో ఆవిడకు తెలియదు, అయినా కలగలేదు.

ఇంతకీ ఆ సినిమా, పోయినవాళ్ల లోకంలోకి ఒక పిల్ల చేసిన ప్రయాణం. పదేళ్ల పిల్ల. వాళ్లమ్మమ్మ కళ్లజోడు ఇక్కడే వదిలేసి పోయింది. అది లేనిదే అమ్మమ్మకు గుమ్మం కూడా కనపడదు, అక్కడ ఎన్ని అవస్థలు పడుతోందోనని, ఆ జోడు పట్టుకుని ఈ పిల్ల ఆ లోకానికి బయల్దేరుతుంది. ఏడు వీధులు దాటాలి. వీధి వీధికీ కాపలావాళ్లు. బతికున్నవాళ్లను వాళ్లు పసిగట్టే గుర్తు ఒక్కటే. అక్కడ కళ్లు అలిసిపోవు కాబట్టి పోయినవాళ్లు రెప్ప వెయ్యరు. బతికున్నవాళ్లు వెయ్యకుండా ఉండలేరు. కాపలావాడు మొహంలో మొహం పెట్టి చూస్తుంటే పిల్ల రెప్ప ఆపుకోలేక కళ్లనీళ్లు కార్చుకోవడం చూసి దర్శకుడే పడీపడీ నవ్వేవాడు. భూతాల సినిమాకు భూతద్దం ఉండనే ఉందని కుర్ర చిత్రకారులు జోకులు వేసుకున్నారు. ఆవిడ మాత్రం ‘పోయినవాళ్లకు రెప్పపాటు లేదు’ అని లావాటి అక్షరాలతో రాసి తన బల్ల ఎదురుగా గోడకు అంటించుకుంది.

సినిమా ముగింపుకొచ్చింది. హాళ్లకు పంపడానికి ఇంకా వారం ఉందనగా, గురువారం మధ్యాహ్నం కింది అంతస్తులోని చిన్న హాల్లో పనివాళ్లందరికీ వేసి చూపించారు. తలా ఒకరిని ఇంట్లోంచి తెచ్చుకోవచ్చన్నారు. ఆవిడ వాళ్లక్కను తీసుకెళ్లింది.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. చెల్లెలు పెళ్లి చేసుకోలేదు. ఎందుకంటే తీరిక దొరకలేదని చెబుతుంది. బావ పోయి ఏడాదిన్నరైంది. అక్క ఏడవలేదు. వచ్చినవాళ్లకు కాఫీలు ఇచ్చింది, కాగితాల మీద సంతకాలు పెట్టింది, పదో రోజుకే మునుపటిలా జోకులు వేసింది. ఒక్కటి మాత్రం, రోజూ పొద్దున్నే బావ కళ్లజోడు మెత్తటి గుడ్డతో తుడిచి పేపరు పక్కన పెడుతుంది. సాయంత్రం తీసి దాస్తుంది. చెల్లెలు అది చూస్తూనే ఉంది. ఇంట్లోవాటికి ఎర్ర చీటీలు అంటించే అలవాటు ఆవిడకు లేదు.

సినిమా అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టింది గాని, ఏదో ఆలోచనలో ఉన్నట్టు కొట్టింది. బస్సు దిగి సందు మలుపు తిరుగుతుండగా నోరు విప్పింది.

“దీని రెండో భాగం ఎప్పుడొస్తుందే?”

“రెండో భాగమేంటక్కా? అయిపోయిందిగా.”

“అలా ఎలా అయిపోతుంది? ఆ ముసలావిడ బతికే ఉంది కదా. పిల్ల వెళ్లిపోతుంటే తల తిప్పి చూసింది చూడు, అప్పుడు రెప్ప వేసింది. బతికున్నవాళ్లే రెప్ప వేస్తారని మొదట్నుంచీ మీరే చెప్పారు. సరే, అందర్నీ ఏమార్చింది, ఇక వెనకాలే వచ్చేస్తుందని పావుగంట సేపు తలుపు వైపే చూస్తూ కూర్చున్నా. పిల్ల ఇంటికొచ్చి అన్నం కూడా తినేసింది. ఈవిడ రాదే.”

ఆవిడ కాళ్లు ఇస్త్రీ దుకాణం ముందు ఆగిపోయాయి.

“రెప్ప వెయ్యలేదక్కా. నువ్వు పొరబడ్డావు.”

“నువ్వు భూతద్దానివైతే కావచ్చు. నాకూ రెండు కళ్లున్నాయి,” అంది అక్క, ఆగకుండా ముందుకు నడుస్తూ. తర్వాత నాలుగడుగులు వేసి, ఇటు తిరక్కుండానే అంది: “వస్తుందని గట్టిగా అనుకున్నానే. చాలా గట్టిగా.”

మర్నాడు పొద్దున అందరికంటే ముందు రికార్డు గది తలుపు తీసింది ఆవిడే. ఆ సన్నివేశం ఫైలు దొరికింది. పద్నాలుగు బొమ్మలు. వేళ్ల మధ్య పెట్టి తిప్పింది. అమ్మమ్మ తల తిప్పుతోంది. ఆరో బొమ్మలో రెప్పలు వాలుతున్నాయి, ఏడులో మూసుకున్నాయి, ఎనిమిదిలో తెరుచుకుంటున్నాయి. ఫైలు అట్ట మీద తన ముద్ర. అట్ట లోపల, పాత బొమ్మలు మరో పద్నాలుగు. వాటిలో అమ్మమ్మ రెప్ప వెయ్యలేదు. వాటికి ఒక ఎర్ర చీటీ అంటించి ఉంది. ‘తల తిప్పేటప్పుడు రెప్ప ఏది?’ అని రాసి ఉంది. చేతిరాత తనదే.

ఆవిడ అక్కడే స్టూలు మీద కూలబడింది. ఆ చీటీ మళ్లీ చదువుకుంది.

ఎలా జరిగిందో ఆవిడకు ఇట్టే అర్థమైంది. బొమ్మ తల తిప్పేటప్పుడు మధ్యలో ఒక రెప్పపాటు వెయ్యాలి. వెయ్యకపోతే ఆ మనిషి కీ ఇచ్చిన బొమ్మలా గిర్రున తిరిగినట్టుంటుంది. ఈ పనిలో చేరినవాళ్లకు మొదటి వారంలో చెప్పే పాఠం అది. ‘రెప్ప ఏది’ అన్న చీటీ ఆవిడ వేలసార్లు రాసి ఉంటుంది. ఆ రోజు కూడా కళ్లు ఆలోచించేలోపే చెయ్యి రాసేసింది. గోడ మీద తను అంటించుకున్న కాగితం కిందే కూర్చుని రాసేసింది. నిన్న హాల్లో ఉన్న చిత్రకారులంతా అదే పాఠం చదువుకున్నవాళ్లు కాబట్టి, ఒక్కడికీ అది తప్పనిపించలేదు. తల తిరిగింది, రెప్ప పడింది, సరిపోయింది అనుకున్నారు. వాళ్లలాంటివాళ్లే చెయ్యగల తప్పు అది.

ఫైలు చంకలో పెట్టుకుని రెండో అంతస్తుకు దిగింది. అమ్మమ్మ పాత్రను మొదట్నుంచీ గీసింది ముభావం గారు. అది ఆయన అసలు పేరు కాదు, రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు గనక అలా స్థిరపడింది. ఆవిడ బొమ్మలు ఆయన ముందు పరిచింది.

“మీరు మొదట సరిగ్గానే గీశారు.”

“అవును.”

“మరి నా చీటీ చూసి ఎందుకు మార్చారండీ? ఇది తప్పని వచ్చి చెప్పొచ్చు కదా.”

ఆయన పెన్సిలు చెక్కుతూ ఉండిపోయాడు. చెక్కడం పూర్తయ్యాక ఆ ఏడాది మొత్తంలోకీ పొడుగైన మాట మాట్లాడాడు. “పదేళ్ల కిందట ఒకసారి వచ్చి చెప్పాను మేడమ్. పది మందిలో నిలబెట్టి దులిపేశారు. ఆ రోజు కూడా నేను గీసిందే కరెక్టు.”

ఆవిడకు ఆ రోజు గుర్తు రాలేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. తప్పు చేసినందుకంటే అది గుర్తు లేనందుకే ఎక్కువ సిగ్గేసింది. “క్షమించండి,” అంది. ఆ మాట ఆవిడ నోట విన్న మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు. ఆయన ఏం చెయ్యాలో తోచక ఇంకో పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాడు.

మేనేజరు గదిలో దర్శకుడు కూడా ఉన్నాడు. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. దాపరికం లేదు, సాగదీత లేదు. చెప్పి, చేతిసంచీలోంచి ముద్ర తీసి బల్ల మీద పెట్టింది.

దర్శకుడు కంప్యూటరులో ఆ చోటు నాలుగైదుసార్లు వేసి చూసుకున్నాడు. “మేడమ్, నిజం చెప్పాలంటే బాగానే ఉంది. మనవరాలి మీద ప్రేమ కొద్దీ ఒక్క క్షణం ప్రాణమొచ్చిందేమో అనిపిస్తుంది. ఉంచేద్దాం.”

“బాగుండటం వేరు బాబూ. మూడో నిమిషంలో జనానికి ఒక మాట చెప్పాం. దాన్ని నమ్ముకుని చూసినవాళ్లు చివరిదాకా ఎదురుచూస్తారు. నిన్న మా అక్క చూసింది. పోయినవాళ్లు వస్తారని ఆశపెట్టి పంపించడానికి మనమెవరం?”

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. పాపం, గెలిచినవాడి మొహంలా లేదు ఆయనది. “ఎవరూ పట్టుకోలేదు కదా మేడమ్. మీరు చెప్పకపోతే ఇది తప్పు కిందికే రాదు. నేను విననట్టే ఉంటాను. ముద్ర తీసుకెళ్లండి.”

“నేను చెప్పకపోతే నేను చూడనట్టు లెక్క. చూడనిదాన్ని, ఆ బల్ల నాకెందుకు సార్?” అంది ఆవిడ. “సంతకం పెట్టాం. మాట మాటే. బొమ్మలు మాత్రం మార్పించండి.”

మెట్లు దిగేటప్పుడు కూడా తల వంచలేదు. గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాక మాత్రం గాజుపలక మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. దీపం వేడికి అది గోరువెచ్చగా ఉంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. మొహం కడుక్కుని వచ్చి సామాను సర్దడం మొదలుపెట్టింది.

ముభావం గారు రెండు రోజుల్లో పద్నాలుగు బొమ్మలూ కొత్తగా గీశాడు. రెప్ప లేకపోయినా కీ ఇచ్చినట్టు ఉండకూడదని తల తిరగడం కాస్త నెమ్మది చేశాడు, గడ్డం ముందు కదిలి కళ్లు తర్వాత వచ్చేలా పెట్టాడు. ఇక వాటిని సరిచూడాల్సింది ప్రోగ్రామే కదా. దానికిచ్చారు. నిమిషంలో పద్నాలుగూ ఎర్రబడి వెనక్కి వచ్చాయి. తెర మీద ‘తల తిప్పేటప్పుడు రెప్ప ఏది?’ అని అక్షరం పొల్లు పోకుండా ఉంది.

కంప్యూటరు చూసే ఇంజనీరు ఏవో మీటలు నొక్కి మళ్లీ ఇచ్చాడు. మళ్లీ అదే మాట. ఆయన మధ్యాహ్నమంతా కూర్చుని పోయినవాళ్ల లోకంలో రెప్పలు వెయ్యకూడదని దానికి నేర్పించాడు. నేర్చుకుంది. నేర్చుకుని, సినిమా మొత్తంలో బతికున్న పిల్ల వేసిన రెప్పలన్నీ తప్పేనని మూడు వందల చీటీలు పంపింది. ఆ మూడు వందలూ ఏరుకుంటూ కూర్చుంటే వారం చాలదు. సినిమా పంపాల్సింది గురువారం.

సోమవారం సాయంత్రం మేనేజరు మూడో అంతస్తుకు వచ్చేసరికి, ఆవిడ స్కేళ్లను పొడుగువారీగా పేర్చి దారంతో కడుతోంది. ఆయన ముద్రను బల్ల మీద పెట్టాడు. చేతులు కట్టుకుని నిలబడి జరిగిందంతా చెప్పాడు.

ఆవిడకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు. “నా చీటీలే కదా సార్ మీరు దానికి నేర్పింది. నా తప్పులన్నీ దానికి వచ్చేశాయి. ఒప్పుకోవడం ఒక్కటి చీటీల్లో లేదు, అది రాలేదు.”

“మీరు మళ్లీ కూర్చోవాలి మేడమ్. మనం సంతకాలు పెట్టిన కాగితం చించేస్తాను.”

“చించొద్దు, ఉండనీండి. దాని కింద ఇంకో రెండు మాటలు రాసుకోండి. ఈ బల్లకు ఎదురుగా ఒక కుర్చీ వేయించాలి. నా చీటీ తప్పనుకున్నవాళ్లెవరైనా వచ్చి అందులో కూర్చుని చెబుతారు, నేను వింటాను. గట్టిగా మాట్లాడితే నాకు గుర్తు చెయ్యండి, నాకు తెలియకుండానే మాట్లాడేస్తానట. రెండోది, ప్రతి సినిమా ఆఖరున బొమ్మల పని తెలియని మనిషొకరు చూడాలి. వాళ్లు సరేనన్నాకే నా ముద్ర పడుతుంది.”

“పని తెలియని మనిషి ఎవరు దొరుకుతారు మేడమ్?”

“మా ఇంట్లో ఒకావిడుంది,” అంది ఆవిడ, స్కేళ్ల దారం విప్పుతూ.

బుధవారం మధ్యాహ్నం చిన్న హాల్లో నలుగురే కూర్చున్నారు. మేనేజరు, దర్శకుడు, ఆవిడ, వాళ్లక్క. సినిమా వేశారు. పిల్ల ఏడు వీధులూ దాటింది, కళ్లజోడు ఇచ్చింది. అమ్మమ్మ దాన్ని పెట్టుకోలేదు. ఇక్కడ దీంతో పని లేదమ్మా, అన్నీ కనిపిస్తున్నాయి, నువ్వూ కనిపిస్తున్నావు అంది. పిల్ల వెనుదిరిగింది. అమ్మమ్మ నెమ్మదిగా తల తిప్పి చూసింది. రెండు కళ్లూ అలాగే ఉన్నాయి. ప్రేమగా, కదలకుండా ఉన్నాయి.

ఆవిడ తెర వైపు చూడటం లేదు. అక్క మొహం చూస్తోంది.

అక్క చివరిదాకా నిటారుగా కూర్చుంది. ఈసారి తలుపు వైపు చూడలేదు. దీపాలు వెలిగేసరికి ఆమె చెంపల మీంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఏడాదిన్నరగా రానివి అన్నీ ఒక్కసారే వస్తున్నట్టున్నాయి. మేనేజరు కంగారుపడి లేవబోతే ఆవిడ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“చెప్పక్కా. ఎలా ఉంది?”

“పోయిందే,” అంది అక్క. “ఈసారి నిజంగానే పోయింది. ఇంక రాదు.”

“సరిగ్గా ఉందా మరి?”

“సరిగ్గానే ఉంది.”

ఆవిడ చేతిసంచీలోంచి ముద్ర తీసి, ఒళ్లో ఉన్న ఫైలు మీద గట్టిగా ఒత్తింది.

సాయంత్రం బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. అక్క కిటికీ వైపు కూర్చుంది. రెండు స్టాపులు దాటాయి.

“మీ బావ కళ్లజోడు,” అంది అక్క, “ఊరికే పడుంది. ఎవరికైనా పనికొస్తుందేమో చూస్తావా?”

“పవరెంతో చూసి చెబుతాను,” అంది చెల్లెలు. “నువ్వు చెప్పే అంకె మాత్రం రాసుకోను. నేనే సరిచూస్తాను.”

“చూడు మరి. ఆ తర్వాత నేనూ ఒకసారి చూస్తాను,” అంది అక్క.